తొమ్మిది

సొహార్ ఆసుపత్రిలో అద్దానికి ఇవతల నా కుర్చీ.
ఎవరొచ్చినా మొదటి ప్రశ్న నాదే:
"ఒంట్లో ఎక్కడైనా ఇనుం ఉందా?"
వాచీ, బెల్టు, పంటి తీగె, జేబులో నాణెం,
అందరూ తడుముకుంటారు.
రాజలింగు నవ్వాడు.
"పదిహేడేండ్ల సంది ఇనుంతోనే ఉన్న మేడం,
యాడ లేదో అడుగుండ్రి."

పోర్టు పక్కన గోడౌన్లకు సలాకలు వంచే పని.
ఎనిమిది, పన్నెండు, పదహారు,
కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి మందం చెప్పేవాడట.
ఇప్పుడు కట్టుతీగ మెలి తిప్పబోతే
చెయ్యి ఒక దిక్కు, తీగ ఒక దిక్కు.

ముందు కళ్లకు ఎక్స్‌రే తీయించాను.
గ్రైండరు దగ్గర ఎగిరిన రజను ఏదైనా
రెప్పవెనక దాక్కుంటే
ఈ అయస్కాంతం దాన్ని నిద్రలేపుతుంది.
ఏమీ లేదు.
తాయెత్తు విప్పి నా చేతిలో పెట్టాడు,
వెచ్చగా, చెమట వాసనతో.

ఇక్కడి నుంచి నా పని వినడమే.
మెదడులోని నీటినంతా ఒక్క చరుపుతో
ఒకే గొంతున పలికించి,
ఆ గొంతు ఎంతసేపు నిలుస్తుందో లెక్కపెడతాను.
ఇనుం ఉన్నచోట శ్రుతి చెదురుతుంది,
పలుకు తొందరగా ఆరిపోతుంది.
యాభై దాకా నిలవాల్సిన చోట
తొమ్మిది.
మిల్లీసెకన్లు.
తెర మీద మెదడు నడుమ రెండు పక్కలా
బొగ్గుతో దిద్దినట్టు నలుపు.
మళ్లీ తీశాను.
తొమ్మిదే.

డాక్టర్ షంసా పాత కాగితాలు తిరగేసింది.
రక్తం తక్కువ, రక్తం తక్కువ,
ఆరేళ్లుగా క్యాంపు క్లినిక్కులో అదే మాట,
అదే మందు: ఐరన్ గోళీలు.
నిన్న వచ్చిన ల్యాబు కాగితంలో
సెరులోప్లాస్మిన్ గడిలో సున్నా.
ఆమె కిటికీలోంచి కొండల వైపు చూసింది.
"మా పూర్వీకులు అక్కడ రాగి కరిగించేవాళ్లు" అంది.
"ఇతని నెత్తుట్లో రాగిని మోసే కూలీ
పుట్టుకతోనే లేడు.
వాడు తలుపు తీస్తేనే ఇనుం గది దాటేది.
నెత్తుటికి కరువు, తలలో గుట్ట."
కూలీ అన్న మాట నాది. ఆమె ప్రొటీన్ అంది.

బయటికొచ్చి తాయెత్తు ముడేసుకోబోయాడు.
మూడుసార్లు జారింది. నేను కట్టాను.
"ఎంతున్నది మేడం?"
ఫలితం నేను చెప్పకూడదు.
"కిలోల్లెక్క కాదన్నా."
"మందమే చెప్పుండ్రి. ఎనిమిదా, పన్నెండా?"
నోరు జారింది. "తొమ్మిది."
"తొమ్మిదిల సలాక రాదు మేడం,"
నా అమాయకత్వానికి నవ్వాడు.

డాక్టరు అడిగింది, నేను తెలుగులో అడిగాను:
అమ్మానాన్నలు చుట్టాలా?
"మేనరికమే. మా నాయినకు మాయమ్మ
సొంత మేనమామ బిడ్డ."
షంసా తల ఊపింది. మా ఇళ్లల్లోనూ అంతే, అంది.
ఈమాట నేను తెలుగులో చెప్పలేదు. ఎందుకో.

తోబుట్టువులు?
"ఒక్క చెల్లె. కోరుట్లల బీడీలు చేస్తది."
అని ఊరుకున్నాడు.
తర్వాత, నేలకేసి చూస్తూ:
"రెండు నెలల సంది సగం బీడీలు వాపస్ ఇస్తున్రట,
దారం వదులైతుందని.
చేతులు వణుకుతున్నయంటే
నేనే తిట్టిన, పని మీద సోయి లేదని.
దవాఖానకు పోతే రక్తం తక్కువున్నదన్నరు.
గోళీలు..."

ఆగిపోయాడు.

ఆమెకూ ఇదే అని ఇప్పుడే అనలేం,
పరీక్ష చేయించాలి, డాక్టర్ని అడక్కుండా ఏదీ ఆపొద్దు,
షంసా చెబుతూనే ఉంది, నేను తిప్పి చెబుతూనే ఉన్నాను.
అతని ఫోను నా ట్రేలో ఉంది. ఇచ్చాను.
రెండుసార్లు వేలు పక్క పేరు మీద పడింది.
మూడోసారి మోగింది,
చాలాసేపు మోగింది.
బీడీల చాట ఒళ్లోంచి దింపి లేవాలి కదా.

ఎత్తగానే హలో అనలేదు.
"భూలచ్చిమీ," అన్నాడు,
"ఇయ్యాల్టి గోళీ మింగినవా?"